తక్కువ డబ్బు, ఎక్కువ పరువు

జేబులో డబ్బు తక్కువ, పోటీలో కూర్చోవాలన్న కోరిక ఎక్కువ ఉన్న మ్యాజిక్ ఆటగాళ్ల కోసం ఈ చిట్కాలు. ఎలా గెలవాలో చెప్పేవాళ్లకి లోకంలో కొదవలేదు. చవక డెక్‌తో కూర్చున్నా నలుగురిలో పరువు ఎలా నిలబెట్టుకోవాలో చెప్పే దిక్కే లేదు. గెలుపంటారా, అది మూడు ఆటల్లో తేలిపోయే వ్యవహారం. పరువు అలా కాదు.

ఆట ఎరగనివాళ్ల కోసం రెండు మాటలు. మ్యాజిక్: ద గ్యాదరింగ్ 1993 ఆగస్టులో అమెరికాలో పుట్టింది. తయారుచేసింది రిచర్డ్ గార్‌ఫీల్డ్, లెక్కల్లో డాక్టరేటు ఉన్న మనిషి. అచ్చేసి అమ్మింది సియాటిల్ దగ్గరి విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు, ఒక్కొక్కరికి 20 పాయింట్ల ప్రాణం. ఎవరిది ముందు సున్నాకొస్తే వాళ్లు ఓడినట్టు. ల్యాండ్ కార్డులు రాబడి. వంతుకొకటి చొప్పున కింద పెట్టుకుంటూ పోతే వాటినుంచి మానా వస్తుంది. మిగతావన్నీ ఖర్చు, మానా కట్టి ఆడాలి. పేకాటలో అందరికీ ఒకటే కట్ట. ఇక్కడ ఎవరి కట్ట (డెక్) వాళ్లు ఇంటి దగ్గరే తయారుచేసుకుని తెచ్చుకోవాలి. కనీసం 60 కార్డులుండాలి, మామూలు ల్యాండ్‌లు తప్ప ఒకే పేరున్న కార్డు నాలుగుకి మించకూడదు. ఎవరి కట్ట వాళ్లదే అనేసరికి ఎవరి జేబు వాళ్లదే అయింది. మన బాధంతా అక్కడే మొదలవుతుంది.

ప్యాకులే కొనండి

మీకు కావలసిన కార్డు పేరు తెలుసు. ధర నలభై సెంట్లని తెలుసు. టీసీజీప్లేయర్ అనే సైట్లో దాన్ని అమ్మేవాళ్లు బోలెడుమంది. విడిగా కొంటే వారం తిరక్కుండా ఇంటికొచ్చి పడుతుంది. ఇందులో పౌరుషమేముంది? అదృష్టానికి చోటేది?

కాబట్టి విడి కార్డుల జోలికి పోకుండా, చించేదాకా లోపలేముందో తెలియని ప్యాకులే కొనండి. ఇప్పుడొస్తున్న ప్లే బూస్టర్ అనే ప్యాకులో 14 కార్డులు, ధర అయిదు డాలర్ల పైమాట. ప్రతి ప్యాకులో ఒక రేర్, అంటే అరుదైన కార్డు, ఖాయం. ఆ రేర్ బదులు ఇంకా అరుదైన మిథిక్ రేర్ రావడం ఏడెనిమిది ప్యాకులకి ఒకసారి. ఒకేసారి విడుదల చేసే కార్డుల సెట్టుకి మిథిక్‌లు ఇరవై దాకా ఉంటాయి గనక, మీరు కోరుకున్న ఆ ఒక్కటీ రావాలంటే సగటున నూట యాభై ప్యాకుల దాకా చించాలి. ఏడెనిమిది వందల డాలర్లు. డెక్‌లోకి అలాంటివి నాలుగు కావాలి, మిగతా గుణకారం మీరే చేసుకోండి. చేసుకోకపోతే ఇంకా మంచిది. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో కొత్తగా దిగిన మనవాళ్లకి ప్రతి డాలర్నీ రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకునే అలవాటు ఉంటుంది. కాఫీ దగ్గర మారుస్తారు, క్షవరం దగ్గర మారుస్తారు. ప్యాకు దగ్గర ఆ అలవాటు మానుకోండి.

ఎవరైనా వారిస్తే ఉంగరం కథ చెప్పండి. 2023లో లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సెట్టు వేసినప్పుడు ‘ద వన్ రింగ్’ కార్డుని ఒక ప్రత్యేక రూపంలో ప్రపంచం మొత్తానికి ఒకే ఒక్కటి అచ్చేసి ఏదో ఒక ప్యాకులో పెట్టారు. ఎవరికో అది తగిలింది. గాయకుడు పోస్ట్ మలోన్ సుమారు 20 లక్షల డాలర్లకి కొనుక్కున్నాడు. దొరికిపోయింది కదా, ఇక ప్యాకుల్లో ఏముంటుందని అడిగేవాడితో వాదించకండి. వాడికి ఆశ లేదు.

ప్యాకుల్లోనూ ఉత్తమమైనవి కావాలంటే 2022 చివర్లో వచ్చిన 30వ వార్షికోత్సవ ఎడిషన్ ఉంది. నాలుగు ప్యాకులు, ప్యాకుకి 15 కార్డులు, ధర 999 డాలర్లు. కార్డు వెనకవైపు అచ్చు వేరు కాబట్టి ఏ అధికారిక పోటీలోనూ చెల్లవు. నాలుగు పదిహేనులు అరవై. సరిగ్గా ఒక డెక్‌కి సరిపోయినన్ని.

ఎప్పుడు కొనాలి

ఆదివారం రాత్రి. ప్రొఫెషనల్స్ ఆడే ప్రో టూర్ ఫైనల్ అయిపోయి, గెలిచినవాడి డెక్ లిస్టు బయటికొచ్చిన ఆ గంటలో. నిన్నటిదాకా రెండు డాలర్లున్న కార్డు అప్పుడు పది పలుకుతుంటుంది. నలుగురూ కొంటున్నారంటే మంచిదనే కదా అర్థం. పది రోజులాగితే దిగుతుందనేవాడు పిసినారి.

లేదంటే కొత్త సెట్టు బయటికొచ్చే ముందు, కార్డుల వివరాలు మాత్రమే తెలిసిన రోజుల్లో. అప్పటికింకా కార్డు ఎవరి చేతికీ రాలేదు, ఎవరూ దాంతో ఆడి చూడలేదు. ధర మాత్రం నిర్ణయమైపోయి ఉంటుంది, మామూలుగా అదే గరిష్ఠం. ప్యాకులు చిరిగి సరుకు బజారులోకొచ్చాక చాలా కార్డుల ధర పడిపోతుంది. పడిపోయిన ధరకి కొన్న కార్డుతో ఆడితే ఏం గౌరవం?

నిషేధాల గురించి బెంగ పెట్టుకోకండి. ఏదో ఒక కార్డు మరీ బలమైపోతే కంపెనీ దాన్ని పోటీల్లో వాడకూడదంటుంది. ‘ఓకో, థీఫ్ ఆఫ్ క్రౌన్స్’ 2019 అక్టోబరు మొదట్లో వచ్చింది, నవంబరు 18న దాన్ని స్టాండర్డ్ ఫార్మాట్ (ఇటీవలి సెట్ల కార్డులే చెల్లే పోటీ పద్ధతి) నుంచి తీసేస్తున్నట్టు ప్రకటించారు. నెలన్నర వైభవం. కొన్నవాళ్ల దగ్గర నాలుగేసి ఓకోలు ఇప్పటికీ ఉన్నాయి, అడిగితే చూపిస్తారు. అంతకుముందు 2011లో ‘జేస్, ద మైండ్ స్కల్ప్టర్’ ఒక్కొక్కటి వంద డాలర్ల దాకా పలుకుతున్న రోజుల్లో దాన్నీ, ‘స్టోన్‌ఫోర్జ్ మిస్టిక్’నీ కలిపి స్టాండర్డ్‌లోంచి తీసేశారు. అప్పుడే ఒక చిత్రం జరిగింది. కంపెనీయే అమ్ముతున్న పాతిక డాలర్ల రెడీమేడ్ డెక్ ఒకదాంట్లో స్టోన్‌ఫోర్జ్ మిస్టిక్‌లు రెండున్నాయి. ఆ డెక్‌ని ఒక్క కార్డూ మార్చకుండా ఆడితే ఆ రెండూ చెల్లుతాయని సడలింపు ఇచ్చారు. విడిగా డబ్బు పోసి నాలుగు మిస్టిక్‌లు కొన్నవాడు వాటిని ఇంట్లో పెట్టుకోవాల్సి వచ్చింది, పాతిక డాలర్లు పెట్టినవాడు దర్జాగా ఆడుకున్నాడు. ఇటువంటి సంఘటనలు సంఘానికి మంచివి కావు. రెడీమేడ్ డెక్ కొన్నవాణ్ని చూస్తే చిన్నగా నవ్వి ఊరుకోండి.

నాలుగు రంగులు

మ్యాజిక్‌లో రంగులు అయిదు: తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఒకే రంగుతో డెక్ కడితే ల్యాండ్‌ల ఖర్చు దాదాపు సున్నా. మౌంటెన్లూ ఫారెస్టులూ లాంటి మామూలు ల్యాండ్‌లు షాపుల్లో అట్టపెట్టెల్లో పోసి ఉంటాయి, తీసుకెళ్లండి బాబూ అంటారు. రెండు రంగుల మానా ఇచ్చే మంచి ల్యాండ్‌ల దగ్గరే అసలు డబ్బు పోతుంది. 1993లో వేసిన తొలి డ్యూయల్ ల్యాండ్‌లైతే మరీనూ. 1995లో క్రానికల్స్ అనే సెట్టులో పాత కార్డుల్ని మళ్లీ అచ్చేస్తే, దాచుకున్నవాళ్లు మా కార్డుల విలువ పోయిందని గోల చేశారు. 1996లో కంపెనీ ఇవి ఇక ఎప్పటికీ మళ్లీ వెయ్యమంటూ ఒక జాబితా ప్రకటించింది. ఆ జాబితాలో పడ్డ వోల్కానిక్ ఐలాండ్, అండర్‌గ్రౌండ్ సీ ఒక్కొక్కటి ఇవాళ వందల డాలర్లు.

మీరు ఏకరంగు డెక్ కడితే ఈ ఖర్చంతా తప్పిపోతుంది. చూసినవాళ్లు మాత్రం ‘పాపం, డబ్బుల్లేవేమో’ అనుకుంటారు. అందుకని నాలుగు రంగులు కట్టండి. ఖరీదైన ల్యాండ్‌లు కొనలేరు కాబట్టి ఆ అట్టపెట్టెలోంచే రంగుకి ఆరు చొప్పున ఇరవై నాలుగు ఏరుకోండి.

ఆట ఎలా నడుస్తుందో చూపిస్తాను. ఆట మొదట్లో మీ చేతిలో ఏడు కార్డులు: ఫారెస్ట్ రెండు (ఆకుపచ్చ మానా ఇస్తాయి), ఐలాండ్ ఒకటి (నీలం మానా ఇస్తుంది), కౌంటర్‌స్పెల్ ఒకటి (రెండు నీలం మానా కావాలి), డూమ్ బ్లేడ్ ఒకటి (నలుపు కావాలి), రాథ్ ఆఫ్ గాడ్ ఒకటి (తెలుపు రెండు, మరి రెండు), ఆరు మానాల మిథిక్ ఒకటి. చేతిని చూసుకుంటే ఎంత నిండుగా ఉంది! ఎదురుగా పదిహేనేళ్ల కుర్రాడు, చిప్స్ తిన్న వేళ్లు ప్యాంటుకి తుడుచుకుని మౌంటెన్ పెట్టి గాబ్లిన్ గైడ్‌ని దింపాడు. ఒక్క మానా క్రీచర్, వచ్చిన వంతులోనే దాడి చేస్తుంది. దానికి ఒక లోపముంది. అది దాడి చేసినప్పుడల్లా మీరు మీ కట్ట పైకార్డు తిప్పి చూపించాలి, అది ల్యాండైతే ఉచితంగా మీ చేతికొస్తుంది. తిప్పారు. ల్యాండే. ఐలాండ్. ప్రాణం 18.

మీ వంతు, ఫారెస్ట్ పెట్టి ఊరుకున్నారు. వాడు రెండో మౌంటెన్ పెట్టి గాబ్లిన్‌తో కొట్టి, మీ మొహం మీదికి లైట్నింగ్ బోల్ట్ విసిరాడు. ఒక మానా, మూడు పాయింట్ల దెబ్బ. 13. మీరు ఐలాండ్ పెట్టారు. నీలం ఒకటే, కౌంటర్‌స్పెల్‌కి రెండు కావాలి. వాడి మూడో వంతు: గాబ్లిన్ రెండు, లావా స్పైక్ మూడు, ఇంకో బోల్ట్ మూడు. 5. మీరు రెండో ఐలాండ్ పెట్టి వెనక్కి వాలి కూర్చున్నారు, ఇప్పుడు రమ్మను. వాడి నాలుగో వంతు: గాబ్లిన్ కొట్టింది, 3. లావా స్పైక్ వేశాడు. మీరు కౌంటర్‌స్పెల్‌ని నెమ్మదిగా, రెండు వేళ్లతో పట్టుకుని బల్ల మీద పెట్టి దాన్ని కొట్టేశారు. షాపంతా చూసి ఉంటే బాగుండేది. వాడు ‘ఓకే’ అని మూడో బోల్ట్ తీశాడు.

మీ చేతిలో ఇంకా తెల్ల కార్డు, నల్ల కార్డు, మిథిక్ మిగిలే ఉన్నాయి. వాడి డెక్ మొత్తం ధర కన్నా ఆ మిథిక్ ధరే ఎక్కువ అయ్యుండొచ్చు. లేచేముందు దాన్ని తిప్పి వాడికి చూపించండి.

కట్ట బరువుగా ఉండాలి

నియమాల్లో ‘కనీసం 60’ అంటే అరవయ్యే అని అర్థం చేసుకునే జనం ఎక్కువ. కనీసం అన్నది లేనివాడి మాట. మీకు నచ్చిన కార్డులన్నీ పెట్టి ఎనభై చేయండి, వందైనా చేయండి. నాలుగు కాపీలున్న మీ మంచి కార్డు మొదటి ఏడింటిలో కనీసం ఒకటి రావడానికి, 60 కార్డుల కట్టలో నూటికి 40 పాళ్లు అవకాశం. 80లో 31. వందలో పాతిక. నచ్చిన కార్డు ప్రతి ఆటలోనూ కనిపిస్తే మొహం మొత్తదూ?

ఇంకో పొదుపు మార్గం, ఖరీదైన కార్డుని నాలుగు బదులు ఒకటే కొనడం. అరవైలో ఒకటి మొదటి చేతిలోకి రావడం నూటికి 12 సార్లు లోపే. వచ్చినరోజు పండగ చేసుకోవచ్చు.

గెలిచిన డెక్‌ని దింపుకుని, ఖరీదైనవి తీసేసి, ఆ స్థానాల్లో చవకవి పెట్టడం కూడా మంచి పద్ధతే. ‘టార్మోగాయ్ఫ్’ని తీసుకోండి. 2007 నాటి కార్డు, రెండు మానా, ఆకుపచ్చ క్రీచర్, ఒక దశలో రెండొందల డాలర్ల దాకా వెళ్లింది. ‘గ్రిజ్లీ బేర్స్’ కూడా ఆకుపచ్చే, దానికీ రెండు మానాయే, పైసల్లో దొరుకుతుంది. మొదటిది చెత్తకుప్పలో పడ్డ కార్డుల రకాల్ని లెక్కపెట్టుకుంటూ పెరిగి పెద్దదవుతుంది, రెండోది ఆట అయిపోయేదాకా రెండుకి రెండుగానే (బలం రెండు, ఓర్పు రెండు) ఉంటుంది. నిలకడ అంటే అదీ. ఆ గెలిచిన డెక్‌లో ఒక్కో కార్డూ పక్క కార్డుని నమ్ముకుని నిలబడిందనీ, నాలుగు తీసేస్తే మిగతా యాభై ఆరూ దేనికీ పనికిరావనీ, అంతకంటే మొదటినుంచీ చవక కార్డుల కోసమే ఆలోచించి కట్టిన డెక్ మేలనీ వాదించేవాళ్లున్నారు. వాళ్ల డెక్ చూడండి, ఒక్క బొమ్మైనా మెరుస్తుందేమో!

ఆట కన్నా కార్డే గొప్పదనడానికి సాక్ష్యం కావాలంటే 2015 లాస్ వేగస్ గ్రాండ్ ప్రీ ఉంది. వేలమంది ఆడిన పోటీ. టాప్ 8 డ్రాఫ్ట్‌లో (ప్యాకులు చించి ఒక్కో కార్డే ఎంచుకుంటూ అక్కడికక్కడే డెక్ కట్టే పద్ధతి) పాస్కల్ మేనార్డ్ అనే ప్రొఫెషనల్ ముందు ప్యాకులో రెండు కార్డులు నిలిచాయి: తన డెక్‌కి సరిగ్గా సరిపోయే బర్స్ట్ లైట్నింగ్, తన డెక్‌కి అక్కరకు రాని మెరిసే ఫాయిల్ టార్మోగాయ్ఫ్. ఆయన టార్మోగాయ్ఫ్ తీసుకున్నాడు. తోటి ప్రొఫెషనల్స్ కొందరు ట్విట్టర్‌లో దుమ్మెత్తిపోశారు. ఆ రభస వల్లే ఆ కార్డుకి పేరొచ్చి, వేలంలో దాదాపు 15 వేల డాలర్లు పలికింది. అందులో సగం ఆయన దానమిచ్చాడు. మామూలు టార్మోగాయ్ఫ్‌లు కొని బీరువాలో దాచినవాళ్ల సంగతి వేరు. మళ్లీ మళ్లీ అచ్చేశారు, కొత్తగా వచ్చిన కార్డులు దాన్ని మించిపోయాయి. ఇవాళ ఆనాటి ధరలో పదోవంతుకే దొరుకుతోంది.

ఎర్ర డెక్ వాళ్లతో స్నేహం వద్దు

ఏ షాపుకెళ్లినా ఒకడుంటాడు. డెక్ నిండా మౌంటెన్లు, ఒక మానా రెండు మానాల గాబ్లిన్లు, మూడేసి పాయింట్ల మంటలు. వీడి అంకగణితం మరీ నాసి. ప్రాణం 20, బోల్ట్‌కి 3, ఏడు బోల్ట్‌లు పడితే 21. అంతే వాడి సిద్ధాంతం. లైట్నింగ్ బోల్ట్ 1993 నాటి మొదటి సెట్టులోనే ఉంది, కామన్ కార్డు. లావా స్పైక్ 2004ది, అదీ కామనే. ఇలాంటి వాటితో గెలవడం మర్యాదస్తుల పనేనా?

ఈ జాతికి మూలపురుషుడు పాల్ స్లై. 1996లో అట్లాంటాలో ప్రో టూర్‌కి అర్హత పోటీ జరిగింది. ఆయన తెచ్చిన ఎర్ర డెక్‌ని కట్టింది ఆయన కాదు, జే ష్నైడర్. అందులో ‘ఐరన్‌క్లా ఆర్క్స్’ నాలుగున్నాయి. రెండు మానాలకి రెండుకి రెండు క్రీచర్, బలం రెండున్నవాణ్ని చూసినా అడ్డుపడనని మొరాయిస్తుంది. ‘బ్రాస్ మ్యాన్’ ఉంది. ఒకసారి దాడికెళ్తే మళ్లీ లేవడానికి విడిగా మానా అడుగుతుంది. జనం ప్యాకు చించగానే పక్కన పడేసే రకాలు. అలాంటి సరుకుతో ఆయన రెండో స్థానంలో నిలిచాడు. చూశారా, మొదటి స్థానం రాలేదు.

అప్పుడు ఆ డెక్ ఎందుకు పనిచేసిందో లోకం తర్వాత పుస్తకాలుగా రాసుకుంది. మొదటి వంతులో ఒక మానా, రెండో వంతులో రెండు, మూడోదాంట్లో మూడు, నాలుగోదాంట్లో నాలుగు. మొత్తం పది. స్లై ఆ పదింటినీ వృథా పోనీయకుండా ఖర్చుపెట్టాడు. ఎదురుగా గొప్ప గొప్ప అయిదు మానాల, ఆరు మానాల కార్డులు పట్టుకున్నవాడు నాలుగు వంతులపాటు ఒక్క మానా కూడా ఖర్చుపెట్టలేక కూర్చున్నాడు. కార్డు ఎంత మంచిదన్నది కాదు, కట్టిన మానాకి సమయానికి ఏదో ఒక పని జరిగిందా అన్నదే లెక్క. ఏ వంతులో ఎన్ని మానాల కార్డులుండాలో చూసుకుని డెక్ కట్టడాన్ని మానా కర్వ్ అంటారు. ఇప్పుడు కోటీశ్వరుల డెక్‌లు కూడా దాన్ని బట్టే కడతారు. మనకెందుకది. మీ డెక్‌లో కనీసం పదిహేను కార్డులైనా ఆరు మానాలకి పైబడి ఉండేట్టు చూసుకోండి. చేతినిండా పెద్దపెద్ద బొమ్మలుంటే ఓడినా చూడముచ్చటగా ఉంటుంది.

పాపర్ వైపు పోనేవద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం. పాపర్ అనే ఫార్మాట్ ఒకటుంది. అందులో ఎప్పుడో ఒకప్పుడు కామన్‌గా అచ్చైన కార్డులే చెల్లుతాయి. చాలాకాలం ఆన్‌లైన్‌లో నడిచి, 2019లో కాగితం కార్డులకీ అధికారికమైంది. చాలా డెక్‌లు వంద డాలర్ల లోపే తయారవుతాయి. అదే మోడర్న్ అనే ఇంకో ఫార్మాట్‌లో డెక్ అంటే వందల డాలర్లు పెట్టాలి. పాపర్ ఆట చవకే గానీ తేలిక కాదు. ముప్ఫై ఏళ్ల కామన్ కార్డుల్లో ఎన్నో మహాబలమైనవి. కౌంటర్‌స్పెల్ అక్కడ చెల్లుతుంది, లైట్నింగ్ బోల్ట్ చెల్లుతుంది.

ప్రమాదం ఎక్కడుందంటే, అక్కడ ఎదుటివాడి డెక్ ఖర్చూ మీ డెక్ ఖర్చూ ఇంచుమించు ఒకటే. ఓడిపోయాక ‘వాడి ల్యాండ్‌లే నా కారు ఇన్సూరెన్సంత’ అనడానికి ఉండదు. మోడర్న్‌లో ఓడితే డబ్బు మీదికి నెట్టొచ్చు. స్టాండర్డ్‌లో ఓడితే కంపెనీ మీదికి నెట్టొచ్చు. పాపర్‌లో ఓడితే నెట్టడానికి ఎదురుగా ఎవరూ మిగలరు. అంత సాహసం పెళ్లాంపిల్లలున్నవాళ్లు చేయకూడదు.

దొంగ కార్డులు

హైదరాబాదులో బడి గేటు పక్కన బంగారు రంగు పోకెమాన్ కార్డులు అమ్ముతుంటారే, ఆ తరహా సరుకు మ్యాజిక్‌లోనూ ఉంది. అసలు కార్డుకి వందడిగితే వీళ్లు రెండు డాలర్లకిస్తారు. కళ్లు మూసుకుని కొనండి. పట్టుకునేవాడెవడు? నగల కొట్లో వాడే భూతద్దంతో కార్డు వెనకవైపు ఆకుపచ్చ చుక్కని చూస్తే, అసలు కార్డులో దాని లోపల నాలుగు ఎర్ర చుక్కలు ‘ఎల్’ ఆకారంలో కనిపిస్తాయి, నకిలీలో అవి అలుక్కుపోయి ఉంటాయి. జడ్జీల్లో కొందరి జేబులో ఆ భూతద్దం ఉంటుంది. దొరికితే పోటీలోంచి పంపేస్తారు. ఆ వారం మిగతా రౌండ్ల శ్రమ తప్పుతుంది కదా.

మామూలు కాగితం ముక్కల మీద కార్డు పేర్లు రాసి, ప్లాస్టిక్ స్లీవుల్లో దోపి, కొనేముందు ఇంట్లో స్నేహితుడితో పాతికసార్లు ఆడి చూసేవాళ్లూ ఉన్నారు. దానికి పైసా ఖర్చు కాదు, నియమాలకి అడ్డూ రాదు, అధికారిక పోటీకి మాత్రం తీసుకెళ్లకూడదు. పాతికసార్లు ఆడితే డెక్‌లో లోపాలు తెలిసిపోతాయి. తెలిశాక కొనబుద్ధి కాదు. కొనాలన్న ఉత్సాహం చచ్చిపోయే పని ఎందుకు చెప్పండి.

బల్ల దగ్గర

మొదటి ఏడు కార్డులు బాలేకపోతే తిరిగిచ్చేసి కొత్తవి తీసుకోవచ్చు, దాన్ని మలిగన్ అంటారు. 2019 నుంచి పద్ధతి మరీ ఉదారమైంది. మళ్లీ ఏడు చూసి, అందులో ఒకటి కట్ట అడుక్కి తోస్తే చాలు. రమ్మీలో చెయ్యి చెత్తగా పడితే ఇరవై పాయింట్లకి డ్రాప్ కొట్టి, ఫుల్ కౌంటు ఎనభై తప్పించుకునే పెద్దమనుషులుంటారు. వాళ్లే ఇక్కడ ఒక్క ల్యాండున్న చేతిని గుండెకి హత్తుకుని ‘తర్వాత వస్తాయిలే’ అంటారు. మీరూ అదే పాటించండి. ఇరవై నాలుగు ల్యాండ్‌లు కట్టలో ఉన్నాయి కదా, ఎక్కడికి పోతాయి?

మైక్ ఫ్లోరెస్ 1999లో ఒక వ్యాసం రాశాడు, ఇద్దరిలో దాడి చేయాల్సినవాడెవడో, కాచుకోవాల్సినవాడెవడో తెలియకపోవడం వల్లే ఆటలు పోతాయని. పాతికేళ్లుగా జనం దాన్ని చదువుతూనే ఉన్నారు. మీరు చదవకండి. మీది వేగంగా కొట్టే చవక డెక్ అయితే, నెమ్మదిగా పెద్దవి దింపే డెక్ ఎదురుపడ్డప్పుడు, మీ బోల్ట్‌లన్నీ వాడి క్రీచర్ల మీద వేస్తూ ఎనిమిదో వంతుదాకా సాగదీయండి. ఎనిమిదో వంతులో వాడు ఎనిమిది మానాలతో ఏం చేస్తాడో చూడాలని ఎవరికుండదు?

సైడ్‌బోర్డు అంటే డెక్‌కి అదనంగా పక్కన ఉంచుకునే పదిహేను కార్డులు. మ్యాచ్‌లో మొదటి ఆట అయ్యాక వాటిని మార్చుకోవచ్చు. మూడింట రెండు గెలవాలి కాబట్టి ఆడే ఆటల్లో సగమో అంతకన్నా ఎక్కువో మార్చుకున్నాకే జరుగుతాయి. ఊళ్లో ఎవరు ఏ డెక్ ఆడుతున్నారో చూసుకుని పది డాలర్లలో ఆ పదిహేనూ కొన్నవాడు చాలా ఆటలు ఎత్తుకుపోతాడు. మీరు డెక్ కట్టగా మిగిలినవి అందులో పడేయండి. ఖాళీగా ఉంటే బాగోదు.

స్లీవులకి డబ్బు దండగ. తప్పదంటే మూలలు నలిగిన పాతవి, కొత్తవి కలిపి వాడండి. నలిగినవన్నీ ల్యాండ్‌ల మీదే పడితే జడ్జి వచ్చి గుర్తులు పెట్టుకున్నావా అని అడుగుతాడు, అప్పుడు బల్ల చుట్టూ జనం మూగుతారు.

ఇక గ్యారంటీగా గెలిచే మార్గం ఒకటుంది, ఎవరూ చెప్పరు. శుక్రవారం సాయంత్రం ఫ్రైడే నైట్ మ్యాజిక్‌కి ఏడుగురో తొమ్మిదిమందో వచ్చే చిన్న షాపు చూసుకోండి. స్విస్ పద్ధతిలో సమాన స్కోరున్నవాళ్లని జతకడతారు. బేసి సంఖ్య వస్తే అడుగున ఉన్న ఒకడికి జోడీ దొరకదు. వాడికి బై ఇచ్చి, 2-0తో గెలిచినట్టు రాసి మూడు పాయింట్లు వేస్తారు. మొదటి రెండు రౌండ్లూ ఓడిపోయి అడుగుకి చేరుకోండి, పైన చెప్పినవన్నీ పాటిస్తే అది కష్టం కాదు. అక్కడ ఇంకొకడు కూడా ఓడి కూర్చుని ఇంటికి పోదామని లేస్తుంటాడు. వాణ్ని పోనివ్వకండి. వాడు పోతే సంఖ్య సరి అయిపోతుంది, మీ బై పోతుంది. ‘అన్నా, ఇంకో రౌండ్ చూసి పోదాం, పిజ్జా తెప్పిస్తా’ అనండి. ఒక మనిషికి ఒక పోటీలో మామూలుగా ఒక్కసారే బై వస్తుంది గనక, వాడికి ముందే ఒకసారి పడిందని స్కోరుబోర్డులో చూసుకున్నాకే పిజ్జాకి ఆర్డరివ్వండి.